ముందు నెల, తర్వాత తేదీ

పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోపు లాప్‌టాప్ మూత తెరవడం తేదీలమ్మకు అలవాటు. పాలు ఎన్నిసార్లు పొంగి పొయ్యి ఆర్పాయో లెక్క లేదు గానీ, చుట్టాలవాళ్ళ తేదీ మాత్రం ఒక్కటీ చెయ్యి జారలేదని ఆవిడ ధీమా. ఇంటి పనులు ఎవరైనా చేస్తారు, ఇది ఎవరు చేస్తారు అంటుంది.

తెర మీద బొమ్మలూ రంగులూ ఏమీ ఉండవు. నల్లటి పలక మీద తెల్లటి అక్షరాలు, అంతే. కూతురు పెళ్ళై వెళుతూ పెట్టి ఇచ్చిన పద్ధతి. మనిషికొక వరస. ముందు నెల, తర్వాత తేదీ, ఆ తర్వాత ఏడు, పక్కన ఆవిడ రాసుకున్న మాట. ఎన్నో పుట్టినరోజో, ఎన్నో పెళ్ళిరోజో యంత్రమే లెక్కకట్టి మాట మధ్యలో అంకె దూరుస్తుంది. మొత్తం నూట పన్నెండు వరసలు. అందులో అసలు పేరు ఒక్కటీ లేదు. అందరివీ ఆవిడ పెట్టిన పేర్లే. తేదీలమ్మ అన్న పేరు కూడా తనకు తాను పెట్టుకున్నదే. సొంతానికి కాబట్టి కాస్త మర్యాదైన పేరు ఎంచుకుంది.

బుధవారం పొద్దున తెర మీద రెండు వరసలు కనిపించాయి.

"ఈరోజు: మైకు అత్తయ్యకి 68. ఫోన్ చెవికి దూరంగా పెట్టుకో."

"ఇంకా 4 రోజులు: వదినకి 60."

రెండో వరసలో చమత్కారం లేదు. వదినకు, అంటే భర్త అక్కకు, ఆవిడ ఇంతవరకూ పేరు పెట్టలేకపోయింది. ఆ మనిషి చెయ్యి చాపి అందుకునేంత పట్టు ఎక్కడా ఇవ్వలేదు. పెళ్ళి చేసుకోలేదు, గొంతు పెంచలేదు, పెట్టిన కానుక గురించి మళ్ళీ అడగలేదు. లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు అట్టలు కడుతూ ముప్ఫై నాలుగేళ్ళు గడిపేసింది.

"ఏమండీ, ఆదివారానికి మీ అక్కకి అరవై," అంది తేదీలమ్మ వంటింట్లోంచి.

"సరే," అన్నాడు భర్త. ఫైల్లో ఆయన పేరు సరేగారు.

"సరే కాదు. హాలు వాళ్ళకి ఫోన్ చెయ్యండి. నలభై మందన్నాం, నలభై ఆరు తేలారు. కుర్చీలు చాలవు."

"సరే. అయితే నాకు యాభై ఏడన్నమాట."

"యాభై ఎనిమిది. అరవైలోంచి రెండు తీసేయడం కూడా నా ఫైలే చెయ్యాలా?"

"నా వయసు నీ దగ్గర భద్రంగా ఉందిగా, నాకెందుకు బరువు," అంటూ ఆయన పేపరు తిప్పాడు.

పాలు పొంగాయి.

*

లైబ్రరీ వెనక, సైకిళ్ళు పెట్టే చోటు పక్కన మెట్లు దిగితే అట్టలు కట్టే గది. పైన చదివేవాళ్ళకు అలాంటి గది ఒకటి ఉందనే తెలియదు. పదకొండింటికి వదిన చిరిగిన పుస్తకాలు తెచ్చుకోవడానికి పై అంతస్తుకు వెళుతుందని తేదీలమ్మ ముందే వాకబు చేసుకుంది. ఆ వేళకే వెళ్ళింది.

గదిలో బంక వాసన. గోడ వారగా ఇనప చక్రం ఉన్న ఒత్తుడు యంత్రం, దాని కింద పది పుస్తకాలు ఊపిరాడకుండా పడి ఉన్నాయి. మేస్త్రి ఒక లావుపాటి పుస్తకం వెన్నుకు కుంచెతో బంక పూస్తున్నాడు. ఎదురుగా కళ్ళజోడావిడ దారాన్ని మైనం ముక్క మీదుగా లాగుతోంది, ఒకసారి, రెండుసార్లు, దారం గట్టిపడి నిటారుగా నిలబడేదాకా.

"ఆదివారం మా వదిన అరవయ్యో పుట్టినరోజండీ. మీరంతా రావాలి. ఆవిడకి మాత్రం తెలియకూడదు," అంది తేదీలమ్మ గుట్టుగా.

మేస్త్రి కుంచె ఆగింది. "ఆదివారమా? ఏడో తారీకు?"

"అవును."

"జూలైలోనా అమ్మా?"

"ఏప్రిల్లో. ఈ ఆదివారమే."

మేస్త్రి కుంచెను డబ్బా అంచుకు నాలుగుసార్లు రాశాడు. అంత రాయాల్సిన బంక దానికి లేదు.

"అదా సంగతి," అంది కళ్ళజోడావిడ దారం వదలకుండా. "ఏటా ఏప్రిల్ ఏడున సెలవు పెడుతుంది. ఏమిటమ్మా అంటే మా ఇంట్లో ఒక పుట్టినరోజు ఉంది అంటుంది. ఎవరిదని అడిగితే, అది మావాళ్ళ ముచ్చటలే అని నవ్వేస్తుంది."

"ఎవరిదేమిటండీ, ఆవిడదే!"

"ఆవిడది జూలై నాలుగు కదమ్మా," అన్నాడు మేస్త్రి. "ఆ రోజు మాకందరికీ టీ ఇప్పిస్తుంది."

తేదీలమ్మకు నవ్వొచ్చింది. ఇలాంటివి ఎన్ని చూడలేదు! "ఆఫీసు కాగితాల్లో అలా పడి ఉంటుందండీ. మా కాలంలో బళ్ళో వేసేటప్పుడు అయ్యవారికి తోచిందే తేదీ. ఇంట్లోవాళ్ళ లెక్క వేరు."

"కాగితాల సంగతి నాకు తెలీదమ్మా. పొద్దున ఐదున్నరకి పుట్టానని, అప్పుడు కరెంటు లేదని, ఆవిడే చెబుతుంది. జూలై ఆఖరుకి రిటైరు కూడాను."

"ఈ నెలాఖరుకైతే, పొడిగించారని ఆవిడే అన్నారే? మూడు నెలలు?"

"పొడిగించడమా!" మేస్త్రి ఆగలేకపోయాడు. "ఈ డిపార్టుమెంటులో బంకలో నీళ్ళు తప్ప ఇంకేమీ పొడిగించరమ్మా."

కళ్ళజోడావిడ నవ్వు మొదలుపెట్టి, తేదీలమ్మ ముఖం చూసి మధ్యలో తుంచేసింది. అలాంటి నవ్వు తేదీలమ్మ ఇదివరకు ఎప్పుడూ చూడలేదు. ఎవరూ ఆవిడ ముందు నవ్వు ఆపుకున్నవాళ్ళు కారు.

చక్రాల బండి చప్పుడు చేసుకుంటూ వదిన వచ్చింది. బండి నిండా వెన్ను విరిగిన పుస్తకాలు. గుమ్మంలో మరదలిని, తల దించుకున్న మేస్త్రిని, గోడ చూస్తున్న కళ్ళజోడావిడని ఒక్క చూపులో చదివేసింది.

"ఆయన బంక పుస్తకాలకి అంటుకుంటుంది గానీ నోటికి అంటుకోదు," అంది. బండిని గోడకు చేర్చి తన బల్ల దగ్గర కూర్చుని, సగం కుట్టి ఆపిన పుస్తకం ముందుకు లాక్కుంది.

"వదినా, నిజమేనా?"

"ఏది?"

"జూలై నాలుగు."

"ఊఁ."

"తొమ్మిదేళ్ళు! తొమ్మిదేళ్ళనుంచి నేను ఏప్రిల్ ఏడున ఫోన్ చేస్తుంటే, థాంక్స్ అమ్మాయ్, థాంక్స్ అమ్మాయ్ అంటూ... ఒక్క ముక్క చెప్పకూడదూ?"

వదిన కాగితాల మడత తెరిచి, నడి గీతలో సూది దింపి, అవతలి వైపు నుంచి లాగింది. దారం పొడుగునా వచ్చింది.

"మొదటిసారి చెబుదామనే నోరు తెరిచా. కానీ నా పుట్టినరోజుకి ఇంట్లోంచి ఫోన్ రావడం అదే మొదలు. మా తమ్ముడికి ఏ రోజైనా ఒకటేగా. తేదీ తప్పయితే ఏం, ఫోన్ తప్పు కాదుగా అనుకున్నా."

"పోనీ తర్వాతైనా?"

"తర్వాతా?" వదిన ఇంకో మడత అందుకుంది. "నాకంటే నెల ముందు బాబాయి చెప్పాడు కదా."

తేదీలమ్మకు వెంటనే అర్థం కాలేదు.

"తాళాల బాబాయి. మార్చిలో నువ్వు ఫోన్ చేస్తే, అమ్మాయ్ నాది మార్చి కాదు నవంబరు అన్నాడు. నువ్వేమన్నావు?"

ఏమందో తేదీలమ్మకు గుర్తుంది. ఆ ఏడాది ఆవిడ చెప్పిన మాటలన్నిటిలోకీ ఎక్కువ నవ్వు తెప్పించింది అదే. 'మామయ్యగారూ, నా ఫైలు అబద్ధమాడదు. అయితే మీరు రెండుసార్లు పుట్టి ఉంటారు.' చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఆ నెల్లోనే ఎవరిదో పెళ్ళి భోజనాల వరసలో ఆయన ఎదురుగానే మళ్ళీ చెప్పింది. అప్పటినుంచీ ఆయన రెండుసార్లు పుట్టినాయన.

"అందరూ నవ్వారు," అంది వదిన. "నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. నెల తిరిగేసరికి నా ఫోన్ మోగింది. మన చుట్టాల్లో నువ్వు పేరు పెట్టనిదాన్ని నేనొక్కదాన్నే. ఒక తేదీ కోసం అది పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది." పళ్ళతో దారం తెంపింది. "ఇక్కడ ఎలాగూ నా రోజు నాకుంది. అదొకటి నీ రోజు అనుకున్నా."

తేదీలమ్మ ఏదో ఒకటి అనాలని చూసింది. నోట్లోకి వచ్చినవన్నీ చమత్కారాలే. ఒక్కటీ పనికొచ్చేలా లేదు.

"ఆదివారం కానివ్వు," అంది వదిన మెత్తగా. "నలభై మందిని పిలిచి ఉంటావు."

"నలభై ఆరు."

"మరీ మంచిది. ఎవరికి తెలుస్తుంది? మావాళ్ళకి నేను చెబుతాలే."

"మేం నోరు మెదపమమ్మా," అన్నాడు మేస్త్రి. "ఏడునే వచ్చి చప్పట్లు కొడతాం. జూలైలో ఇంకోసారి టీ తాగుతాం, మాకేం నష్టం?"

కళ్ళజోడావిడ కూడా తలూపింది. ముక్కూ మొహం తెలియని మనుషులు, ఆవిడ పరువు కాపాడడానికి అబద్ధం పంచుకోవడానికి సిద్ధపడుతున్నారు. ఆ క్షణంలో తేదీలమ్మకు సిగ్గు వేయలేదు. పోయిన ప్రాణం లేచొచ్చింది. హాలు పోదు, కేకు పోదు, ఫైలు పరువు పోదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని టికెట్టు మడతపెడుతూ ఉండగా, తనకు ఇంత హాయిగా ఎందుకుందా అని అనుమానం వచ్చింది. ఆ అనుమానం వెంటే సిగ్గు బయల్దేరింది. ఇంటికొచ్చే నాలుగు స్టాపులూ తగ్గలేదు.

*

అల్మారా పై అరలో, పాత బిల్లుల వెనక, చెప్పుల అట్టపెట్టె ఉంది. తొమ్మిదేళ్ళ క్రితం చుట్టాలందరి చేతా రాయించుకున్న చీటీలన్నీ అందులో ఉన్నాయి. ఎక్కించిన ప్రతి చీటీ మీదా ఎర్ర టిక్కు. తేదీలమ్మ కింద కూర్చుని ఒక్కొక్కటే తీసి తెరతో పోల్చి చూసింది.

మనుషులు రోజు ముందు రాస్తారు, నెల తర్వాత. యంత్రానికి నెల ముందు కావాలి. అందుకని ఆవిడ ప్రతి చీటీనీ తిరగేసి ఎక్కించింది. నూట అయిదు చీటీలు అలాగే సరిగ్గా ఉన్నాయి. మిగిలిన ఏడింటినీ కలిపి ఒక గుండుసూది గుచ్చి ఉంది. ఒకే సాయంత్రం ఎక్కించినవి. ఆ సాయంత్రం ఆవిడ భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మైకు అత్తయ్యతో మాట్లాడుతూ, చీటీలో ఎలా ఉంటే అలా కొట్టుకుంటూ పోయింది.

ఏడింట్లో నాలుగు 22, 17, 30, 19 తేదీలవి. ఇరవై రెండో నెల ఎక్కడుంది అని యంత్రం ఎదురుతిరిగింది, ఆవిడ నాలుక కరుచుకుని వాటిని దిద్దింది. మిగిలిన మూడూ పన్నెండు లోపు అంకెలు. 4-7. 5-9. 3-11. వాటిని అది నోరు మూసుకుని మింగేసింది.

మొదటిది వదిన. జూలై నాలుగు కాస్తా ఏప్రిల్ ఏడు. రెండోది భర్తవైపు డాక్టర్ల జంట, ఫైల్లో పళ్ళ దంపతులు, వాళ్ళ పెళ్ళిరోజు. మూడోది బాబాయి.

ఆ చీటీ ఒక తాళంచెవుల కంపెనీ రసీదు వెనక రాసి ఉంది. గుండ్రటి, తొందరలేని అక్షరాలు. 3-11. దాని కింద, ఎందుకైనా మంచిదని, నవంబరు అని మాటల్లో కూడా రాశాడు. రాసి కింద గీత గీశాడు.

ఆయన ఫోన్లో నవంబరు అన్న రోజున ఈ చీటీ ఇదే పెట్టెలో, ఇదే అరలో ఉంది. స్టూలు వేసుకుంటే అందేది. ఆవిడ స్టూలు వేసుకోలేదు. తెర వంక చూసి జోకు వేసింది. అక్కడితో వదల్లేదు కూడా. ఏటా మార్చి పదకొండున 'మొదటి పుట్టుక శుభాకాంక్షలు మామయ్యగారూ, రెండోది నవంబరులో చూసుకుందాం' అని విడిగా ఆయన ఫోనుకు సందేశం పంపుతూనే ఉంది. ఈ ఏడాదిది పంపి ఇంకా నెల కాలేదు. ఆయన ఎప్పుడూ రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి తిరిగి పంపేవాడు. ఆవిడ దాన్ని ఒప్పుకోలు అనుకుంది.

సాయంత్రం భర్త వచ్చేసరికి చీటీలు నేల నిండా పరచుకుని ఉన్నాయి. ఆవిడ జరిగింది చెప్పింది. చెబుతున్నప్పుడు మధ్యలో ఒక్కచోట కూడా నవ్వు రాకపోవడం ఆయనకు కొత్తగా ఉన్నట్టుంది, నిలబడే విన్నాడు.

"అందరికీ చెప్పేస్తాను," అంది చివర.

ఆయన సరే అనలేదు. "అక్కే కానివ్వమంది కదా. ఇప్పుడెందుకు అల్లరి? నవ్వుతారు."

"నవ్వనివ్వండి. ఏమండీ, ఫైల్లో మీ పేరేమని పెట్టానో తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"పిల్లది అప్పుడే చెప్పింది."

"అంటే తొమ్మిదేళ్ళా! బాధనిపించలేదా?"

ఆయన బూట్ల తాడు విప్పుకున్నాడు. "సరేలే అనుకున్నాను," అన్నాడు.

*

గురువారం ముందు వదినకు ఫోన్ చేసింది.

"ఆదివారం వద్దు వదినా. జూలైకి మారుస్తున్నా. అందరికీ రాస్తాను."

అవతల ఒత్తుడు యంత్రం చక్రం తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆగింది.

"అంత అవసరమా?"

"అవసరమే."

"నీ ఇష్టం. ఇన్నాళ్ళూ నాకు ఏడాదికి రెండుండేవి, ఒకటి లాగేసుకుంటున్నావు." చక్రం మళ్ళీ తిప్పుతూ, "ఏప్రిల్ ఏడున ఫోన్ మాత్రం మానకు," అంది.

తర్వాత సందేశం రాయడానికి కూర్చుంది. మొదటి ప్రయత్నంలో మూడు జోకులు వచ్చాయి. మూడూ బాగానే ఉన్నాయి. మళ్ళీ చదివితే మూడింట్లోనూ తప్పు యంత్రానిది అయిపోయింది, ఆవిడ పక్కన నిలబడి చూస్తున్న మనిషిలా ఉంది. చెరిపేసింది. రెండోసారి రాసింది మరీ ఏడుపుగా ఉంది. ఎవరైనా ఓదార్చక తప్పని రకం. అదీ చెరిపేసింది. మధ్యాహ్నానికి అయిదు వాక్యాలు మిగిలాయి.

"వదిన పుట్టినరోజు ఏప్రిల్ ఏడు కాదు, జూలై నాలుగు. ఆదివారం ఫంక్షన్ జూలైకి మారింది. పళ్ళ డాక్టర్ల పెళ్ళిరోజు మే తొమ్మిది కాదు, సెప్టెంబరు అయిదు. తాళాల మామయ్యగారిది నవంబరు మూడు. ఆయన అప్పుడే చెప్పారు, నేను చీటీ చూడకుండా ఆయన్ని నవ్వులపాలు చేశాను, తప్పు నాదే."

పంపి, ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టి, ఉతికిన బట్టలు మడతపెట్టసాగింది. నవ్వులు వస్తాయి, రానీ. తనే అయితే ఈపాటికి మూడు పేర్లు పెట్టి ఉండేది. తిరగేసిన తేదీలమ్మ. పదమూడో నెల. ఇంకోటి మరీ బాగుంది, పైకి అనుకోవడానికే సిగ్గేసింది.

దుప్పటి మడతపెట్టడం అయ్యాక ఫోన్ తిప్పి చూసింది.

"పర్లేదు అక్కా."

"ఎవరికైనా జరుగుతుంది వదినా."

"జూలైలో కలుద్దాం అత్తా."

అలాంటివే పంతొమ్మిది. ఒక్క వెటకారం లేదు. ఈ కుటుంబంలో కాళ్ళు విరిగినవాడిని కూడా ముందు నవ్వి తర్వాత పలకరిస్తారు. అలాంటివాళ్ళందరూ ఆవిడ దగ్గరికొచ్చేసరికి ఆచితూచి, పెళుసు గ్లాసును పట్టుకున్నట్టు మాట్లాడుతున్నారు. నవ్వితే రేపు తమకేం పేరు పడుతుందోనని భయమో, లేక నిజంగానే జాలో, ఆవిడ తేల్చుకోలేకపోయింది. ఏది అయినా ఒకటే అనిపించింది.

పళ్ళ డాక్టరు ఒక్కడే కాస్త ఊపిరి తీసుకోనిచ్చాడు. "అదా వదినా! మే తొమ్మిదిన కేకు కోస్తూ ప్రతిసారీ, పెళ్ళి ఫోటోల్లో అందరూ గొడుగులతో ఎందుకున్నారబ్బా అనుకునేవాళ్ళం. మేమే మర్చిపోయామనుకున్నాం. మీ ఫైలు మీద నమ్మకం అలాంటిది."

మైకు అత్తయ్య ఫోన్ చేసింది. తేదీలమ్మ అలవాటుగా ఫోన్‌ను చెవికి దూరంగా పట్టుకుంది. ఏమీ వినపడలేదు. దగ్గరికి తెచ్చుకుంటే, అత్తయ్య రోగి పక్కన కూర్చున్నట్టు మెల్లగా మాట్లాడుతోంది.

"మనసుకేం పెట్టుకోకమ్మా. చెప్పావు కదా, అయిపోయింది. అన్నట్టు ఆయన గ్రూపులో లేడుగా?"

"ఎవరు?"

"అదే, మీ రెండుసా... మీ తాళాల మామయ్య. ఆ పెళ్ళి అయిన వారంలోనే వెళ్ళిపోయాడు. నువ్వు చూసుకోలేదూ?"

తేదీలమ్మ చూసుకోలేదు. నూట పన్నెండు తేదీలు చూసుకునే మనిషి, ఒక మనిషి లేచి వెళ్ళిపోవడం తొమ్మిదేళ్ళు చూసుకోలేదు.

*

శుక్రవారం పదింటికి ఆ వీధి మొదట్లో ఆటో దిగింది. వీధి పేరు తెలుసు, కొట్టు ఎక్కడో తెలీదు. ఎప్పుడూ వెళ్ళింది లేదు. మూల మీద టీ కొట్టు ఉంది. బెంచీ మీద నలుగురు కూర్చుని ఉన్నారు, కొట్టువాడు గిన్నెలో టీ ఎత్తి పోస్తున్నాడు.

"బాబూ, తాళాలు బాగుచేసే పెద్దాయన కొట్టు ఎటు?"

"రెండుసార్లు పుట్టినాయనా? అదిగోండి, నాలుగు కొట్లవతల. ఆకుపచ్చ తలుపు."

తేదీలమ్మ కదల్లేదు. "ఆ పేరు మీకెవరు చెప్పారు?"

"ఎవరో ఏంటమ్మా, అందరూ అంటారు. మొదట వాళ్ళ అల్లుడనుకుంటా అన్నాడు. భలే పేరు కదా!"

భలే పేరే. ఒక్క క్షణం, రెప్పపాటు, ఆవిడ లోపల ఏదో గర్వంగా తలెత్తింది. దాన్ని గుర్తుపట్టేసరికి ముఖం చెంప దెబ్బ తిన్నట్టు వేడెక్కింది. మెడ దాకా దిగింది ఆ వేడి.

ఆకుపచ్చ తలుపు వెనక గది రెండు మంచాలంత. గోడ నిండా మేకులు, మేకుకో గుత్తి. బాబాయి, అంటే తేదీలమ్మ చినమామగారు, బిగించిన తాళంచెవిని ఆకురాయితో రాస్తున్నాడు. రెండు రాపిళ్ళు, ఊదడం, వెలుతురులో పెట్టి చూడడం, మళ్ళీ రెండు రాపిళ్ళు. గుమ్మంలో మనిషి నీడ పడితే కళ్ళద్దాల మీదుగా చూశాడు.

"ఎవరూ? నువ్వా అమ్మాయ్! రా రా. అందరూ బాగున్నారా? మావాడు?" అంటూ స్టూలు మీది సామాను కిందికి దించి, చొక్కా అంచుతో దాన్ని తుడిచాడు.

తేదీలమ్మ కూర్చుని సంచి తెరవబోతుండగా ఒకతను లోపలికి తొంగిచూశాడు. "ఏం రెండుసార్లూ, నాది అయిందా?"

"ఆఁ, ఇదిగో," అని చినమామగారు గుత్తి అందించాడు. ముఖంలో ఏమీ మారలేదు. వచ్చినతను వెళ్ళిపోయాడు. వీధిలోకి వచ్చేసరికి ఆ పేరు చివర కూడా అరిగి, వాడుక నాణెంలా నున్నగా తయారైంది.

ఆవిడ చీటీ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని ముందు రసీదు వైపు చూసి, తర్వాత తిప్పాడు.

"నా చేతిరాతే."

"నవంబరని రాసిచ్చారు మామయ్యగారూ. మాటల్లో కూడా రాశారు. నేనే తిరగేయకుండా ఎక్కించాను. మీరు ఫోన్లో చెప్పినప్పుడు కూడా ఈ చీటీ తీయలేదు."

"ఊఁ."

"మీరు చెప్పింది నిజం. నేను... క్షమించండి. నిన్న గ్రూపులో అందరికీ రాశాను. మీరందులో లేరని తర్వాత తెలిసింది. అందుకే వచ్చాను."

ఆయన చీటీని ఆవిడకు తిరిగి ఇవ్వలేదు, జేబులో పెట్టుకోలేదు. బల్ల మీద ఆకురాయికి పక్కగా ఉంచాడు.

"ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేదమ్మా," అన్నాడు. "ఏ బ్యాంకులోనో కాగితం నింపేటప్పుడు పుట్టిన తేదీ దగ్గర చెయ్యి ఆగేది. పక్కన నిలబడ్డవాడు నవ్వుతున్నాడేమోనని చూసేవాణ్ణి."

తేదీలమ్మ తల వంచుకుంది. నేల మీద ఇత్తడి పొడి మెరుస్తోంది. దాన్ని చూస్తూ, "ఏం చేయమంటే అది చేస్తాను మామయ్యగారూ," అంది.

"నాకు చెబితే ఏం లాభం అమ్మాయ్?" ఆయన గొంతులో కోపం లేదు. తాళం ఎక్కడ పట్టేసిందో చూపించే మనిషిలా మాట్లాడాడు. "నా పుట్టినరోజు నాకు ముందునుంచీ తెలుసుగా." ఆకురాయి మొనతో గుమ్మం అవతలికి చూపించాడు. "ఆ టీ కొట్టువాడికి చెప్పు. వాడికి తెలిస్తే వీధికి తెలిసినట్టే."

హాస్యమాడుతున్నాడేమోనని తేదీలమ్మ తలెత్తింది. ఆయన అప్పటికే తాళంచెవి మీదికి వంగాడు. రెండు రాపిళ్ళు. ఊదాడు. వెలుతురులో పెట్టి చూశాడు.

ఆవిడ లేచి బయటికి వచ్చింది. నాలుగు కొట్లు. నలభై ఆరు మందికి ఫోన్లో సందేశం పంపడానికి ఒక్క వేలు చాలింది. ఈ నాలుగు కొట్లు దాటడానికి రెండు కాళ్ళూ సరిపోయేలా లేవు. చీర కుచ్చిళ్ళు రెండుసార్లు సర్దుకుంది, సర్దాల్సిందేమీ లేకపోయినా.

"దొరికాడా అమ్మా మా రెండుసార్లు?" అన్నాడు కొట్టువాడు. "టీ పోయమంటారా?"

బెంచీ మీది నలుగురూ ఇటు తిరిగారు. నాలుక చివరికి ఒక మాట వచ్చింది. ఎప్పటిలాగే ముందే తయారై, చమత్కారంగా, ఇట్టే ఇందులోంచి బయట పడేసే మాట. తేదీలమ్మ దాన్ని మింగేసింది.

"ఆయన ఒక్కసారే పుట్టారండీ," అంది. "నవంబరు మూడున. ఆ పేరు పెట్టింది నేనే. ఆయన చెప్పిందే నిజం, నాదే తప్పు."

కొట్టువాడు గిన్నె పట్టుకున్న చెయ్యి గాల్లో ఆపి ఆవిడ వైపు చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు. బెంచీ మీది వాళ్ళు కూడా నవ్వారు. ఒకతను తొడ చరిచి, "ఒక్కసారే పుట్టినాయన! ఇది ఇంకా బాగుంది!" అన్నాడు.

తేదీలమ్మ నవ్వలేదు. వాళ్ళ నవ్వు ఆగేదాకా ఎండలో అలాగే నిలబడింది. ఆగాక, మళ్ళీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.